ఇత్తడి తొడుగు చప్పుడు

మా బావను వీధిలో అందరూ టక్‌టక్ మాస్టరు అంటారు. ఎదురుపడితే మాస్టరు గారూ అనే పిలుస్తారు, వెనక మాత్రం టక్‌టక్. కోట్లు కుట్టడంలో ఆయనకు పెట్టింది పేరు. ఒకసారి భుజం మీద టేపు వేసి తీశాడంటే మళ్లీ వేసి చూసుకోనక్కర్లేదు. అయితే ఆ పేరు ఆయన పనితనం వల్ల రాలేదు. మా అక్క వల్ల వచ్చింది.

నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. బావ గురించి నేను చెప్పేదాంట్లో కొంత నా కోపం కూడా కలిసి ఉంటుంది. అందులో ఆయన వంతు ఎంతో, నా వంతు ఎంతో తేల్చుకోవడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

వాళ్లది రెండు గదుల అద్దె ఇల్లు. ముందు గదే కొట్టు. వీధి వైపు పెద్ద కిటికీ, దాని కింద కటింగ్ బల్ల. వెలుతురు కోసం బావ ఎప్పుడూ కిటికీ వైపు మొహం పెట్టి నిలబడి బట్ట కత్తిరిస్తాడు. బల్లకున్న సొరుగు వానలు పడితే ఉబ్బిపోయి ఒక పట్టాన తెరుచుకోదు. ఒక గోడకు మిషను, ఇంకో గోడకు కుట్టిన కోట్లు తగిలించే ఇనుప కమ్మీ. ఆయన వీపు వెనక, వంటగది గుమ్మం పక్కన, చేతులున్న చెక్క కుర్చీ. అది మా అక్కది. కాజాలు, గుండీలు, లోపలి పట్టీలు, చేత్తో కుట్టే కుట్టంతా అక్క పని. సూది గుచ్చుకోకుండా నడిమి వేలికి ఇత్తడి తొడుగు పెట్టుకునేది. స్నానానికీ తిండికీ తప్ప దాన్ని తీసేది కాదు. ఇద్దరం కలిసి పెరిగిన ఇంట్లో అక్కకి నోరు ఎక్కువ. ఈ ఇంట్లోకి వచ్చాక ఆ నోటికి సగం పని ఆ తొడుగే చేసిపెట్టింది.

దాని కథ ఇదీ. పెళ్లయిన మూడో ఏట బావ ఒక పెళ్లికొడుకు కోటుకి రెండు చేతులూ ఎడమవే కుట్టాడు. ఇరవై ఏళ్లుగా కత్తెర పట్టిన పనివాడు, రెండూ ఎడమవే. పెళ్లికొడుకు కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడి, తన కుడి చెయ్యి ఎందుకలా మెలి తిరిగిందో అర్థంకాక, తనకే ఏదో జబ్బు చేసిందనుకున్నాడట. అక్క వంటగదిలోకి పారిపోయి నవ్వింది. బావ నవ్వలేదు. ఆ కోటు కుడుతున్నంతసేపూ ఆయన మనసు కోటు మీద లేదు, వేరే ఎవరితోనో వాదించుకుంటోంది. ఎప్పుడో తనను ఒక మాట అని వెళ్లిపోయిన మనిషికి, నాలుగేళ్ల తరవాత నిలబడి జవాబులు చెబుతున్నాడు.

ఆ ఆదివారమే మందిరంలో పాస్టరు గారు, దేవుడికి వారంలో రెండు గంటలు ఇచ్చి మిగిలిన రోజులన్నీ చింతలకి అద్దెకిచ్చేశాం మనం అన్నారు. మనసు ఎక్కడికి పోయినా తిరిగి తెచ్చుకుంటూ ఉండాలి, పని చేసే చోటే, పని చేస్తూనే, అన్నారు. అందరం తల ఊపి ఇళ్లకి వెళ్లి తిని పడుకున్నాం. బావ ఒక్కడే దాన్ని పట్టుకున్నాడు. ఆయన ఏదైనా పట్టుకుంటే ఉడుంపట్టే.

"నా మనసు పోయిన సంగతి నాకు తెలియడం లేదు. తెలిసేసరికి గంటైపోతోంది," అన్నాడు అక్కతో.

"మీకు తెలియకపోతే నాకు తెలుస్తుందిగా. మీ వీపే చెబుతుంది. మనసు ఎటో పోగానే మీ భుజాలు ఇలా జారిపోతాయి, కత్తెర నోరు తెరుచుకుని ఆగిపోతుంది. నేను కొడతాలెండి," అంది అక్క.

అలా మొదలైంది. భుజాలు జారగానే అక్క వేలితొడుగుతో కుర్చీ చేతి మీద రెండుసార్లు కొట్టేది. టక్, టక్. బావ ఉన్నచోటే కళ్లు మూసుకుని "వచ్చాను ప్రభువా" అనేవాడు. రెండు క్షణాలు అలాగే నిలబడి మళ్లీ కత్తెర ఆడించేవాడు. అంతే. పెద్ద ప్రార్థన ఏమీ కాదు. తప్పిపోయి ఇంటికి తిరిగొచ్చినవాడు గుమ్మంలో నిలబడి చెప్పే మాటలాంటిది.

ఇక చూడండి సంబరం. ఒక లావుపాటి గుమాస్తా నడుము కొలుస్తుండగా అక్క టక్‌టక్‌మంది. బావ టేపు ఆయన పొట్ట చుట్టూ పట్టుకునే కళ్లు మూసుకుని "వచ్చాను ప్రభువా" అన్నాడు. "నా పొట్ట చూసి దేవుణ్ణి తలుచుకున్నవాళ్లలో మీరే మొదటివారు మాస్టారూ," అన్నాడాయన. వీధిలో పేరు పడింది ఆరోజే. ఆరాధనలో బావ కునుకు తీస్తే అక్క బల్ల అంచు మీద కొట్టేది. ముందు వరసల్లో ఉన్నవాళ్లు కూడా ఉలిక్కిపడి నిటారుగా కూర్చునేవారు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, అది నిజంగా పనిచేసింది. నేను రెండు వీధుల అవతల బట్టలు ఉతికే దుకాణంలో ఇస్త్రీ పని చేస్తాను. మధ్యాహ్నం గంట విరామంలో అక్క దగ్గరికి వెళ్లి కూర్చునేదాన్ని. ఏడాది ఏడాదికీ బావ మొహం తేటపడటం నా కళ్లతో చూశాను. చీటికీ మాటికీ ఎగిరిపడే మనిషి నెమ్మదించాడు. వాళ్లకి పిల్లలు నిలవలేదు. రెండుసార్లు ఆ దెబ్బ తగిలింది. అప్పుడు కూడా ఆ గదిలో ఏడుపులో ఏడుపుగా టక్ టక్, వచ్చాను ప్రభువా. ముప్పై ఏళ్లు. దేవుడి మీద మనసు పెట్టడం ఆ ఇంట్లో ఇద్దరు మనుషులు కలిసి చేసే పని, కోటు కుట్టినట్టే.

పోయిన ఏడు మందిరంలో పాటలు పాడే బృందానికి ఇరవై నాలుగు కోట్లు కుట్టే పని వచ్చింది. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి చప్పుడు మరీ ఎక్కువగా ఉంది. కూర్చున్న పావుగంటలో ఐదుసార్లు కొట్టింది అక్క. బావ ఐదుసార్లూ పాపం బుద్ధిగా కళ్లు మూసుకున్నాడు. ఆయన దారాలు కొనడానికి బయటికి వెళ్లగానే అడిగాను.

"ఏమిటే, బావ మనసు అంతగా పరిగెడుతోందా ఈమధ్య?"

అక్క గుండీ కుడుతూనే తల అడ్డంగా ఊపింది. "ఆయన బాగానే ఉన్నారు. నాకే. ఇక్కడ పట్టేసినట్టు వస్తోంది," అని రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంది. "ఊపిరాడదు, మాట రాదు. అప్పుడు కొడతాను. ఆయన కళ్లు మూసుకుంటారు కదా, నాకోసమే ప్రార్థన చేస్తున్నారనుకుంటాను. తగ్గిపోతుందే. నిజం. ఆయన వీపు చూస్తూ కూర్చుంటే తగ్గిపోతుంది."

నాకు ఒళ్లు మండింది. "నీకేమైనా పిచ్చా? ఆయనకి చెప్పు. ఆసుపత్రికి పద."

"ఈ కోట్లు కానియ్యి. ఇంకా తొమ్మిది ఉన్నాయి. ఇప్పుడు చెబితే ఆయన కత్తెర పట్టుకోలేరు. చెప్పనని నామీద ఒట్టెయ్యి."

ఒట్టు వేశాను. ఎందుకు వేశానంటే ఏం చెప్పను? వారం రోజులే కదా అనుకున్నాను. ఆసుపత్రిలో వాళ్లేం చెబుతారో వినాలంటే నాకూ భయమే. పైగా విరామం అయిపోవస్తోంది, దుకాణంలో ఆలస్యమైతే యజమాని మాట పడాలి. లేచి వచ్చేశాను. అది సోమవారం. తరవాతి వారం గురువారం మధ్యాహ్నం మూడు గంటల వేళ అక్క ఆ కుర్చీలోనే పోయింది.

నేను వెళ్లేసరికి చుట్టుపక్కలవాళ్లు గుమ్మంలో గుమిగూడి ఉన్నారు. బావ నేల మీద కూర్చుని అక్క చెయ్యి పట్టుకుని ఉన్నాడు. టేపు ఇంకా ఆయన మెడలోనే వేలాడుతోంది. అక్క ఒళ్లో కోటు, కోటులో సూది, సగం కుట్టిన గుండీ. వైద్యుడు గుండె అన్నాడు. ఏ సమయంలో అని అడిగితే బావ జవాబు చెప్పలేదు.

నాలుగు వారాలు గడిచాక చెప్పాడు, నాకు. అక్క బట్టలు సర్దడానికి వెళ్లిన రోజు, నేను అడగకుండానే చెప్పాడు.

"నాకు వినిపించిందమ్మా."

"ఏం వినిపించింది?"

"కొట్టింది. ఒకసారి, రెండుసార్లు కాదు. కొడుతూనే ఉంది. అప్పుడు నా మనసు నిజంగానే ఎటో పోయి ఉంది, చివరి కోటుకి బట్ట చాలుతుందో లేదో అని. అందుకే కొడుతోందనుకున్నా. కళ్లు మూసుకున్నా, వచ్చాను ప్రభువా అన్నా. మళ్లీ కొట్టింది. మళ్లీ అన్నా. ఇవాళ నామీద కోపంగా ఉందేమో అనుకున్నా. తరవాత ఆగిపోయింది." ఆయన కుర్చీ వైపు ఒకసారి చూశాడు. "ఆగిపోతే ఏమనుకున్నానో తెలుసా? నా మనసు కుదుటపడింది కాబట్టి ఆపేసిందనుకున్నా. ఆ తరవాత అరగంట పనిచేశానమ్మా. జన్మలో దేవుడు నాకు అంత దగ్గరగా ఎప్పుడూ లేడు. అంత నెమ్మది. పాడుకుంటూ కాలరు కత్తిరించాను. గుండీలు ఎన్ని మిగిలాయని అడగడానికి వెనక్కి తిరిగాను."

 నేను లోపలే అనేసుకున్నాను, తిరగాల్సింది అరగంట ముందు కదయ్యా అని. అక్క నాతో అన్న మాట నా నోటి దాకా వచ్చింది. నీవల్లే తనకి నొప్పి తగ్గేది బావా, నీ వీపు చూస్తూ ఓర్చుకునేది అని ఒక్క మాట చెబితే ఆ మనిషికి కాస్త ఊపిరాడుతుంది. చెప్పలేదు. పడనీ, పడాల్సిందే అనుకున్నాను. అది సగం నిజం. మిగిలిన సగం ఏమిటంటే, ఆ మాట చెబితే నాకు నొప్పి సంగతి ముందే తెలుసని కూడా చెప్పాలి. పది రోజుల ముందే తెలిసి, ఒట్టు పేరు చెప్పుకుని ఊరుకున్నానని చెప్పాలి.

బావ ప్రార్థన మానేశాడు. మందిరానికి వచ్చేవాడు గానీ, అందరూ తలలు వంచినప్పుడు ఆయన కళ్లు తెరుచుకుని గోడ వైపు చూస్తూ కూర్చునేవాడు. ఒకసారి పాస్టరు గారు కొట్టుకి వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. ఆయన ఓదార్పు మాటలు మొదలుపెట్టబోతే బావ ఒకటే అడిగాడు.

"ఆ అరగంట నాకు కలిగిన నెమ్మది ఎవరిచ్చారండీ? నా భార్య నా వెనక ప్రాణం విడుస్తుంటే నాకంత హాయి ఎవరిచ్చారు? దేవుడే అయితే ఆయనతో నాకేం మాటలు? దేవుడు కాకపోతే, ముప్పై ఏళ్లు నేను మాట్లాడింది ఎవరితో?"

 "నాకు తెలియదు మాస్టారూ," అన్నారు పాస్టరు గారు. బావ చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. ఏదో ఒకటి చెప్పి చేతులు దులుపుకోలేదు. అందుకు ఆయనంటే నాకు గౌరవం పెరిగింది.

కాజాలు కుట్టే మనిషి లేక పని పేరుకుపోతుంటే సాయంగా నేనే వెళ్లడం మొదలుపెట్టాను. పొద్దున దుకాణంలో ఇస్త్రీ, మధ్యాహ్నం నుంచి ఇక్కడ గుండీలు. అక్క కుర్చీలోనే కూర్చునేదాన్ని, ఇంకో కుర్చీ లేదు. అక్క తొడుగే పెట్టుకునేదాన్ని, నా వేలికి కొంచెం వదులు. కుర్చీ చేతి మీద ఒకచోట కొట్టీ కొట్టీ చిన్న గుంట పడింది. నా చెయ్యి ఆ గుంటకి తగలకుండా జాగ్రత్తగా పెట్టుకునేదాన్ని. బావ వీపు నాకు ఎదురుగా. అంతకుముందు ఎన్నోసార్లు చూసిన వీపే. అక్క ఎన్నేళ్లు దాన్ని చూస్తూ కూర్చుందో అనుకుంటే కుట్టు తప్పిపోయేది. ఇద్దరం ఒకే గదిలో గంటల తరబడి ఒక్క మాట లేకుండా పనిచేసేవాళ్లం. ఆయన దగ్గరో మాట, నా దగ్గరో మాట. ఆయన తనది చెప్పేశాడు. నేనే దొంగని.

ఎనిమిదో నెలలో ఒక మధ్యాహ్నం. కిటికీ బయట ఎవరో సైకిలుకి గాలి కొట్టుకుంటున్నారు. బావ ఒక నల్లకోటు వీపు భాగం కత్తిరిస్తున్నాడు. కత్తెర చప్పుడు ఆగిపోయింది. తలెత్తి చూశాను. భుజాలు జారిపోయి ఉన్నాయి, కత్తెర నోరు తెరుచుకుని బట్ట మీద ఆగి ఉంది. అక్క చెప్పినట్టే, అచ్చంగా. నేనేమీ ఆలోచించలేదు. నా వేలు దానంతటదే కుర్చీ చేతి మీద పడింది. టక్, టక్.

కత్తెర కింద పడింది. అంత వేగంగా తిరిగాడు ఆయన. అరవై రెండేళ్ల మనిషి, బల్ల మూల తుంటికి తగిలినా ఆగకుండా "వచ్చాను, వచ్చానమ్మా" అంటూ వచ్చి నా ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. నా రెండు భుజాలూ పట్టుకుని మొహంలోకి చూశాడు. "ఏమైంది? ఎక్కడ నొప్పి? ఊపిరాడుతోందా? చెప్పమ్మా, ఏమైంది?"

ఆ మొహం నేను జన్మలో మరిచిపోను. నాకు ఏడుపు కట్టలు తెంచుకుంది. ఏమీ కాలేదు బావా, నాకేమీ కాలేదు అంటూనే అంతా కక్కేశాను. సోమవారం సంగతి, అక్క రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్న సంగతి, తొమ్మిది కోట్ల సంగతి, ఒట్టు సంగతి. నొప్పి వచ్చినప్పుడు కొట్టేదనీ, ఆయన కళ్లు మూసుకుంటే తనకోసమే ప్రార్థన చేస్తున్నాడనుకునేదనీ, దాంతో తగ్గిపోయేదనీ.

ఆయన చేతులు నా భుజాల మీద నుంచి జారిపోయాయి. 

"తన కోసమనుకుందా?"

"అవును బావా."

"ఒక్కసారి కూడా తన కోసం చెయ్యలేదమ్మా. ఆ ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా. నా మనసు, నా చింత, నా దేవుడు. అంతా నా గురించే."

"వినేవాడికి తెలియదా, ఎవరికి కావాలో?" అన్నాను. ఆ మాట నమ్మి అన్నానో, ఆయన మొహం చూడలేక అన్నానో ఇప్పటికీ చెప్పలేను.

ఆయన తల పైకెత్తాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. "అయితే నువ్వూ వెనక్కి తిరగలేదన్నమాట," అన్నాడు మెల్లగా. అందులో కోపం లేదు. దారిలో కలిసిన మనిషిని నువ్వూ ఇటేనా అని అడిగినట్టుంది. ఇద్దరం అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాం. కొట్టుకి వచ్చిన ఒకాయన గుమ్మంలోంచి చూసి, చడీచప్పుడు లేకుండా వెనక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు నేను వెళ్లేసరికి కటింగ్ బల్ల జరిగి ఉంది. అంత బరువు బల్లను ఒక్కడే ఎలా తిప్పాడో తెలియదు. ఇప్పుడు ఆయన కిటికీకి వీపు పెట్టి, కుర్చీ వైపు మొహం పెట్టి నిలబడి పనిచేస్తాడు. ఆయన నీడే బట్ట మీద పడుతుంది, సుద్ద గీత సరిగ్గా కనబడదు. వచ్చినవాళ్లందరూ ఇదేం వాస్తు మాస్టారూ అని వేళాకోళం చేస్తారు. ఆయన మెడ వంచి గీత వెతుక్కుంటూ కత్తిరిస్తాడు. ఇంతకుముందు గంటలో అయ్యే పనికి గంటన్నర పడుతోంది. ఆ అరగంట పోనీలే అంటాడు.

అక్క లేని లోటు తీరలేదు. తీరుతుందని నేను అనుకోవడమూ లేదు. పాస్టరు గారిని అడిగిన ప్రశ్నకి బావకి జవాబు దొరకలేదు. నేను అడగను. కానీ మళ్లీ కళ్లు మూసుకుంటున్నాడు. మునుపటిలా కాదు. నేను తొడుగుతో కొట్టగానే ముందు తలెత్తి నా మొహం చూస్తాడు. కత్తెర బల్ల మీద పెట్టి, బల్ల చుట్టూ తిరిగి నా దగ్గరికి వస్తాడు. "వచ్చానమ్మా. ఏమైంది?" అంటాడు. నడుం నొప్పి అంటే నడుం నొప్పి గురించి, యజమాని తిట్టాడంటే దాని గురించి, అక్క గుర్తొచ్చిందంటే అప్పుడు మాత్రం చాలాసేపు, కుర్చీ చేతి మీద చెయ్యి పెట్టి, నా పేరు చెప్పి దేవుడితో మాట్లాడతాడు. అప్పుడు వెనక్కి వెళ్లి కత్తెర పట్టుకుంటాడు.

ఈమధ్య ఆయన భుజాలు జారకపోయినా, నాకు ఏ నొప్పీ లేకపోయినా, ఒక్కోసారి ఊరికే కొడుతున్నాను. ఆయన బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఏమైందమ్మా అని అడుగుతాడు. అక్క ముప్పై ఏళ్లు ఆ కుర్చీలో కూర్చుంది. ఆ మాట ఒక్కసారి కూడా వినలేదు.